జావాలో ఆబ్జెక్ట్‌కు నకలు తీయడం ఎలా: బీన్‌యుటిల్స్‌తో, కాస్త చూసుకుని

కిరాణా సరుకులు అమ్మే యాప్ ఒకటి రాస్తున్నారనుకోండి. అందులో "మళ్లీ ఇదే ఆర్డర్" అనే బటన్ పెట్టమన్నారు. నెలనెలా అదే బియ్యం, అదే కందిపప్పు, అదే నూనె తెప్పించుకునే ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఈ కోరిక న్యాయమైనదే. పాత ఆర్డర్ ఆబ్జెక్ట్‌కు నకలు తీసి కొత్తదిగా సేవ్ చేస్తే చాలు. బీన్‌యుటిల్స్ అనే లైబ్రరీ క్లాస్ ఉంది, అందులో మెథడ్ ఉంది, ఒక్క లైను పని. ఆ ఒక్క లైను ఎక్కడెక్కడ కాలు జారుస్తుందో చూసుకుంటూ ఈ బటన్ పని పూర్తి చేద్దాం.

ఉదాహరణలన్నీ జావావి. కోడ్‌ను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీ ఎడిటర్‌లో మాత్రం కీవర్డ్‌లు, లైబ్రరీ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. (సొంత వేరియబుల్స్‌కు తెలుగు పేర్లు పెట్టుకున్నా జావా కంపైలర్ ఏమీ అనదు. కోడ్ రివ్యూ చేసేవాళ్లు అనొచ్చు.)

## 1. ముందు ఫీల్డ్‌ల జాబితా రాసుకోండి

లైబ్రరీ జోలికి వెళ్లకముందే క్లాస్ తెరిచి పక్కన పెట్టుకోండి. మన ఆర్డర్ క్లాస్‌లో ఐడీ, వెర్షన్, సృష్టించిన సమయం, కస్టమర్, డెలివరీ చిరునామా, వస్తువుల లిస్టు, స్థితి, కూపన్ కోడ్, డెలివరీ అబ్బాయికి రాసే చిన్న సూచన ఉన్నాయి. ఒక్కో ఫీల్డ్ దగ్గర ఆగి, నకలులో ఇది ఎలా ఉండాలి అని అడగండి.

సూచన సంగతి తేలిక, అది అలాగే రావాలి. ఐడీ, వెర్షన్, సృష్టించిన సమయం అసలు రాకూడదు. స్థితీ రాకూడదు: పాత ఆర్డర్ "డెలివరీ అయింది" అని ఉంటుంది, కొత్తది పుడుతూనే డెలివరీ అయిపోకూడదు కదా. కస్టమర్ రావాలి, కానీ అదే కస్టమర్ ఆబ్జెక్ట్ రావాలి. దానికీ నకలు తీస్తే ఒకే మనిషికి రెండు ఖాతాలు తయారవుతాయి. చిరునామా, వస్తువుల లిస్టు, ఆ లిస్టులోని ఒక్కో వస్తువు మాత్రం కొత్త ఆర్డర్‌కు విడిగా ఉండాలి. కొత్త ఆర్డర్‌లో ఫ్లాట్ నంబర్ మారిస్తే పోయిన నెల బిల్లులో కూడా మారిపోతే ఊరుకుంటారా? ఇక కూపన్ కోడ్ రావాలా వద్దా అనేది మీరు తేల్చేది కాదు, వెళ్లి వ్యాపారం చూసేవాళ్లను అడగండి.

ఈ జాబితా లేకుండా "షాలో కాపీనా (పైపైన నకలు), డీప్ కాపీనా (లోపలివాటితో సహా నకలు)" అని వాదించుకోవడం దండగ. ఒకే క్లాస్‌లో కస్టమర్‌కు షాలో సరైనది, చిరునామాకు డీప్ సరైనది. ఈ తేడా ఏ లైబ్రరీకీ తెలియదు, తెలిసే దారీ లేదు. మీకు మాత్రమే తెలుసు.

## 2. రిఫరెన్స్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి

```
ఆర్డర్ కొత్తది = పాతది;
```

ఇది నకలు కాదు. తాళంచెవికి డూప్లికేట్ చేయించినంత మాత్రాన ఇల్లు రెండు కాదు; రెండు వేరియబుల్స్‌తోనూ తెరుచుకునేది ఒకే ఆబ్జెక్ట్. షాలో కాపీలో బయటి ఆబ్జెక్ట్ మాత్రం కొత్తది, లోపలి చిరునామా, లిస్టు పాతవే. డీప్ కాపీలో లోపలివి కూడా కొత్తవి.

స్ట్రింగ్, ఇంటీజర్, బిగ్‌డెసిమల్ లాంటివి ఒకసారి తయారయ్యాక మారవు కాబట్టి వాటిని ఇద్దరు పంచుకున్నా ప్రమాదం లేదు. 2014లో జావా 8తో వచ్చిన లోకల్‌డేట్, ఇన్‌స్టంట్ కూడా అంతే. పాత జావా.యుటిల్.డేట్ అలాంటిది కాదు. దానికి సెట్‌టైమ్ ఉంది, నకలులో తేదీ మారిస్తే అసలులోనూ మారుతుంది. మీ ప్రాజెక్టులో ఇంకా ఆ డేట్ ఉంటే దాన్ని కూడా "విడిగా ఉండాలి" జాబితాలోకి తోయండి.

జావాలో పుట్టుకతోనే ఉన్న క్లోన్ మెథడ్ గురించి ఎక్కువ చెప్పను. అది షాలో కాపీ చేస్తుంది, కన్‌స్ట్రక్టర్‌ను పిలవదు. క్లోనబుల్ ఇంటర్‌ఫేస్ పెట్టకపోతే ఎక్సెప్షన్ విసురుతుంది, ఆ ఇంటర్‌ఫేస్‌లోనేమో ఒక్క మెథడ్ కూడా ఉండదు. పైగా ఫైనల్ ఫీల్డ్ ఉంటే, క్లోన్ అయ్యాక దాన్ని విడదీసే మామూలు దారి లేదు. కొత్త కోడ్‌లో వాడకండి.

మరో మాట. ఫీల్డ్‌లు ఐదారే అయితే లైబ్రరీ అక్కర్లేదు. పాత ఆబ్జెక్ట్‌ను తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటి చేత్తో రాసేయండి. అది చదవడానికి తేలిక, తప్పు పేరు రాస్తే కంపైలర్ అక్కడే పట్టుకుంటుంది. ముప్పై నలభై ఫీల్డ్‌లు ఉండి, సగానికి పైగా అలాగే దిగాల్సినప్పుడే బీన్‌యుటిల్స్ లాంటివి చేతికి సాయం.

## 3. ఏ బీన్‌యుటిల్స్ అన్నది తేల్చుకోండి

అసలు చిక్కు ఇక్కడుంది. జావా లోకంలో ఇదే పేరుతో బాగా వాడుకలో ఉన్న క్లాస్‌లు రెండున్నాయి. ఒకటి అపాచీ కామన్స్‌ది, రెండోది స్ప్రింగ్‌ది. రెండింటిలోనూ కాపీప్రాపర్టీస్ అనే మెథడ్ ఉంది. వరస మాత్రం తిరగబడి ఉంటుంది.

```
// అపాచీ కామన్స్: ముందు ఎక్కడికి, తర్వాత ఎక్కడినుంచి
బీన్‌యుటిల్స్.కాపీప్రాపర్టీస్(కొత్తది, పాతది);

// స్ప్రింగ్: ముందు ఎక్కడినుంచి, తర్వాత ఎక్కడికి
బీన్‌యుటిల్స్.కాపీప్రాపర్టీస్(పాతది, కొత్తది);
```

రెండు పారామీటర్ల టైపూ ఆబ్జెక్టే కాబట్టి తారుమారు చేసినా కంపైలర్‌కు తప్పు కనబడదు. అప్పుడు ఏమవుతుంది? ఖాళీగా ఉన్న కొత్త ఆర్డర్‌లోని నల్‌లన్నీ వెళ్లి నిండుగా ఉన్న పాత ఆర్డర్ మీద పడతాయి. పాతది డేటాబేస్ నుంచి తెచ్చిన ఎంటిటీ (టేబుల్‌లోని ఒక వరుసకు ప్రతిరూపమైన ఆబ్జెక్ట్) అయి, ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంటే, ఆ ట్రాన్సాక్షన్ ముగిసేటప్పుడు హైబర్నేట్ (ఆబ్జెక్ట్‌లను టేబుళ్లలో దాచే లైబ్రరీ) "ఓహో, ఈ ఫీల్డ్‌లు మారాయి" అనుకుని నల్‌లను టేబుల్‌లోకి రాసేస్తుంది. మీరు ఎక్కడా సేవ్ పిలవనక్కర్లేదు. ఐడీ కూడా నల్ అయితే హైబర్నేట్ ఎక్సెప్షన్ విసిరి ఆపుతుంది, అదృష్టం. ఐడీని మినహాయించి ఉంటే ఆ అదృష్టం కూడా ఉండదు.

దీనికి తోడు ఎడిటర్ ఆటో ఇంపోర్ట్. పేరు కొట్టగానే రెండు క్లాస్‌లు జాబితాలో చూపిస్తుంది, తొందరలో మొదటిది నొక్కుతాం. ఒక లైబ్రరీ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఇంపోర్ట్ లైను ఒక్కటి మార్చి ఊరుకునేవాళ్లూ ఉంటారు. కామన్స్ మెథడ్ చెక్‌డ్ ఎక్సెప్షన్లు (పట్టకుండా వదిలితే కంపైలర్ ఒప్పుకోనివి) విసురుతుంది, స్ప్రింగ్‌ది విసరదు. అందుకని ఆ ఎక్సెప్షన్లను పేరు పెట్టి పట్టిన కోడ్‌లో ఇంపోర్ట్ మారిస్తే, అవి ఇక్కడ రానే రావని కంపైలర్ గోల చేస్తుంది. మీకు దొరికే హెచ్చరిక అదొక్కటే. వట్టి ఎక్సెప్షన్ అని పట్టి ఉంటే అదీ లేదు.

కాబట్టి ఇలా చేయండి. ప్రాజెక్టు మొత్తానికి ఒకటే ఎంచుకోండి. స్ప్రింగ్ ఇప్పటికే ఉంటే స్ప్రింగ్‌దే ఎంచుకోండి, కొత్త డిపెండెన్సీ అవసరం పడదు. రెండోదాని ఇంపోర్ట్‌ను, కోడ్ నియమాలు చూసే పరికరమైన చెక్‌స్టైల్‌లోని ఇల్లీగల్‌ఇంపోర్ట్ నియమంతో నిషేధించండి. బిల్డ్ ఆగితే గానీ మనుషులకు గుర్తుండదు.

రెండింటికీ స్వభావంలోనూ తేడా ఉంది. కామన్స్‌ది టైపులు కలవకపోతే మార్చే ప్రయత్నం చేస్తుంది; స్ట్రింగ్‌గా ఉన్న "25"ను ఇంటీజర్ ఫీల్డ్‌లో 25గా దించగలదు. ఈ మర్యాదకు తగ్గ మూల్యం కూడా ఉంది. అది నెమ్మదిగా నడుస్తుంది, పాత వెర్షన్లలో నల్‌గా ఉన్న ఇంటీజర్‌ను 0 చేసి పెట్టేది. ధర తెలియదు అనడానికీ, ధర 0 అనడానికీ ఎంత తేడా ఉందో కొట్టువాడిని అడిగితే చెబుతాడు. మార్పిడి వద్దనుకుంటే కామన్స్‌లోనే ప్రాపర్టీయుటిల్స్ అని ఉంది, అదే పేరుగల మెథడ్, అదే వరస, టైపు మార్పిడి ఉండదు. అలీబాబా కంపెనీ తన జావా కోడింగ్ నియమాల్లో ఫీల్డ్‌ల నకలుకు అపాచీ బీన్‌యుటిల్స్ వాడొద్దనే చెప్పింది.

స్ప్రింగ్‌ది టైపు మార్చదు. పేరు కలిసి టైపు కలవకపోతే ఆ ప్రాపర్టీని వదిలేసి ముందుకెళ్తుంది, చెప్పదు కూడా.

## 4. కాల్ రాయండి, మినహాయింపులతో

ఇక్కడినుంచి స్ప్రింగ్ పద్ధతిలోనే వెళ్దాం. మూడో పారామీటర్ నుంచి, వద్దనుకున్న ప్రాపర్టీల పేర్లు ఎన్నయినా ఇవ్వొచ్చు. కూపన్ కోడ్ వద్దనే చెప్పారనుకుందాం.

```
ఆర్డర్ కొత్తది = న్యూ ఆర్డర్();
బీన్‌యుటిల్స్.కాపీప్రాపర్టీస్(పాతది, కొత్తది,
    "ఐడీ", "వెర్షన్", "సృష్టించినసమయం",
    "స్థితి", "కూపన్‌కోడ్", "చిరునామా", "వస్తువులు");
కొత్తది.సెట్‌స్థితి(స్థితి.కొత్త);
```

ఐడీ, వెర్షన్‌లను మినహాయించడం మరిచిపోతే ఏమవుతుందో తెలుసుకోండి. స్ప్రింగ్ డేటా సేవ్ మెథడ్, వెర్షన్ ఫీల్డ్ ఉంటే దాన్ని, లేకపోతే ఐడీని చూసి, అది నిండి ఉంటే "ఇది ఉన్నదే" అనుకుని మెర్జ్ చేస్తుంది. అంటే కొత్త వరుస చేరదు, పాత ఆర్డర్ మీదే రాస్తుంది. కస్టమర్ బటన్ నొక్కుతాడు, ఆర్డర్ వెళ్లిందంటుంది, చరిత్రలో చూస్తే పాత ఆర్డర్ మాయం.

మినహాయింపుల పేర్లు వట్టి స్ట్రింగ్‌లు. అక్షరం తప్పు పడినా ఎవరూ పట్టించుకోరు, ఆ ప్రాపర్టీ హాయిగా కాపీ అయిపోతుంది. రేపు ఎవరో ఫీల్డ్ పేరు మార్చినప్పుడు ఈ స్ట్రింగ్ మారకపోయినా అంతే. లాంబాక్ (గెట్టర్, సెట్టర్ లాంటివి తానే రాసిపెట్టే లైబ్రరీ) వాడుతుంటే ఫీల్డ్‌నేమ్‌కాన్‌స్టంట్స్ అనే అనోటేషన్ పెట్టి, ఆ పేర్లను కాన్‌స్టంట్‌లుగా తెచ్చుకోండి. అప్పుడు పేరు మారితే కంపైల్ ఆగుతుంది.

కొన్ని ఫీల్డ్‌లు ఎందుకు దిగలేదో అర్థంకాక తలపట్టుకునే సందర్భాలూ వస్తాయి. ఈ లైబ్రరీలు ఫీల్డ్‌లను చూడవు, గెట్టర్, సెట్టర్ జంటలను చూస్తాయి. మూలంలో గెట్టర్ లేకపోయినా, గమ్యంలో సెట్టర్ లేకపోయినా ఆ ప్రాపర్టీ రాదు. పెద్ద బి ఉన్న బూలియన్ టైపుకు "ఈజ్"తో మొదలయ్యే గెట్టర్ రాస్తే అది గెట్టర్ కింద లెక్కకు రాదు. చిన్న బి ఉన్న ప్రిమిటివ్‌కే ఆ సౌకర్యం, పెద్దదానికి "గెట్" ఉండాల్సిందే. మూలంలో ఇంటీజర్ నల్‌గా ఉండి, గమ్యంలో ప్రిమిటివ్ ఇంట్ ఉంటే మాత్రం స్ప్రింగ్ మౌనంగా ఉండదు, ఎక్సెప్షన్ వస్తుంది. రాకపోవడం కంటే అదే మేలు.

లోపల జనరిక్ ఉన్న లిస్టుల సంగతి వెర్షన్‌ను బట్టి ఉంటుంది. స్ప్రింగ్ 5.3 నుంచి, ఇంటీజర్ల లిస్టును స్ట్రింగ్‌ల లిస్టులోకి దించబోతే టైపు కలవలేదని వదిలేస్తుంది. అంతకుముందు రిఫరెన్స్‌ను అలాగే అంటించేది, తర్వాతెప్పుడో ఆ లిస్టు చదివిన చోట క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ పేలేది. పాత స్ప్రింగ్ నుంచి పైకి వచ్చాక ఏదైనా లిస్టు ఖాళీగా కనబడుతుంటే ముందు ఇది చూడండి.

## 5. లోపలివాటిని చేత్తో విడదీయండి

మినహాయించిన చిరునామా, వస్తువులు ఇప్పుడు నింపాలి. చిరునామా సులువు:

```
చిరునామా చి = న్యూ చిరునామా();
బీన్‌యుటిల్స్.కాపీప్రాపర్టీస్(పాతది.గెట్‌చిరునామా(), చి, "ఐడీ");
కొత్తది.సెట్‌చిరునామా(చి);
```

పాత ఆర్డర్‌లో చిరునామా నల్‌గా ఉండే వీలుంటే ముందే చూసుకోండి. మూలం నల్ అయితే మెథడ్ ఒప్పుకోదు.

లిస్టు దగ్గర మాత్రం ఒక ఉచ్చు ఉంది. న్యూ అర్రేలిస్ట్‌లో పాత లిస్టును పెట్టేసి "విడదీశాం" అనుకుంటారు. లిస్టు కొత్తదే, అందులోని వస్తువులు పాతవే. రెండు కిలోల కందిపప్పును మూడు చేస్తే పాత ఆర్డర్‌లోనూ మూడవుతుంది. ఒక్కొక్కటీ తీసుకుని కొత్తది చేయాలి:

```
ఫర్ (వస్తువు పా : పాతది.గెట్‌వస్తువులు()) {
    వస్తువు కొ = న్యూ వస్తువు();
    బీన్‌యుటిల్స్.కాపీప్రాపర్టీస్(పా, కొ, "ఐడీ", "ఆర్డర్", "ధర");
    కొ.సెట్‌ఆర్డర్(కొత్తది);
    కొ.సెట్‌ధర(ధరలు.నేటిధర(కొ.గెట్‌సరుకు()));
    కొత్తది.గెట్‌వస్తువులు().యాడ్(కొ);
}
```

ఆర్డర్ అనే వెనక్కి చూపే ఫీల్డ్‌ను కాపీ చేస్తే కొత్త వస్తువు పాత ఆర్డర్‌నే తన యజమాని అనుకుంటుంది, అందుకే మినహాయించి కొత్తది పెట్టాం. ధర సంగతి ఒకటో మెట్టులో రాసుకున్న జాబితాలో లేదు, గమనించారా? లోపలి క్లాస్‌కు కూడా అలాంటి జాబితా రాసినప్పుడే పోయిన నెల ధర ఈ నెల బిల్లులోకి రాకుండా ఉంటుంది.

ఈ మెట్టు దాటేసి లిస్టును అలాగే కాపీ కానిస్తే హైబర్నేట్ చాలాసార్లు "ఫౌండ్ షేర్డ్ రిఫరెన్సెస్ టు ఎ కలెక్షన్" అంటూ ఆగిపోతుంది. అంటే రెండు ఎంటిటీలు ఒకే కలెక్షన్‌ను పట్టుకుని ఉన్నాయని అర్థం. ఆ మెసేజ్ ఎక్కడ కనబడినా దగ్గర్లో ఒక కాపీప్రాపర్టీస్ ఉందేమో వెతకండి.

## 6. అడ్డదారి కావాలంటే

అంతా విడిగానే కావాలి, పంచుకునేది ఏదీ లేదు అన్నప్పుడు కామన్స్ లాంగ్‌లో సీరియలైజేషన్‌యుటిల్స్.క్లోన్ ఉంది. ఆబ్జెక్ట్‌ను బైట్లుగా మార్చి, మళ్లీ ఆ బైట్ల నుంచి కొత్తది కడుతుంది. ఒకదాన్నొకటి చూపుకునే ఆబ్జెక్ట్‌లున్నా చిక్కుపడదు. షరతులేమంటే, లోపలున్న ప్రతి క్లాస్ సీరియలైజబుల్ అయి ఉండాలి, ఒక్కటి కాకపోయినా రన్‌టైమ్‌లో ఎక్సెప్షన్. ట్రాన్సియెంట్ ఫీల్డ్‌లు (సీరియలైజ్ చేయొద్దని గుర్తు పెట్టినవి) మూలంలోని విలువతో రావు. చేత్తో రాసిన నకలు కంటే ఎన్నో రెట్లు నెమ్మది అని ఆ మెథడ్ డాక్యుమెంటేషనే ఒప్పుకుంటుంది. టెస్టుల్లో, సెట్టింగ్స్ ఆబ్జెక్ట్‌ల దగ్గర బాగానే పనికొస్తుంది. మన ఆర్డర్‌కు పనికిరాదు, కస్టమర్‌కూ నకలు పడుతుంది కాబట్టి.

కామన్స్ బీన్‌యుటిల్స్‌లోని క్లోన్‌బీన్ పేరు చూసి డీప్ కాపీ అని మోసపోకండి, అది షాలోనే.

ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్‌కు, అంటే ఎంటిటీ నుంచి డీటీవోకు (డేటాను బయటికి పంపడానికి వాడే క్లాస్‌కు) దించడమే మీ రోజువారీ పని అయితే మ్యాప్‌స్ట్రక్ట్ చూడండి. అది కంపైల్ సమయంలోనే మామూలు గెట్, సెట్ కోడ్ రాసి పెడుతుంది, తెరిచి చదువుకోవచ్చు. అన్‌మ్యాప్డ్‌టార్గెట్‌పాలసీని ఎర్రర్‌కు పెడితే, నింపని ఫీల్డ్ ఒక్కటి ఉన్నా బిల్డ్ ఆగుతుంది. అది లేకుండా మ్యాప్‌స్ట్రక్ట్ వాడితే సగం లాభం వదులుకున్నట్టే.

## 7. టెస్టు రాయండి, రెండు వైపులా

ముందు పాత ఆర్డర్‌లోని ప్రతి ఫీల్డ్‌నూ ఏదో ఒక విలువతో నింపండి. నల్, 0, ఖాళీ స్ట్రింగ్ వదలకండి, వదిలితే కాపీ అయిందో లేదో తేలదు. నకలు తీసి, టెస్టుల లైబ్రరీ అయిన అసర్ట్‌జేలోని యూజింగ్‌రికర్సివ్‌కంపారిజన్‌తో పోల్చండి. మార్చదలచుకున్న ఫీల్డ్‌లను ఇగ్నోరింగ్‌ఫీల్డ్స్‌లో ఇవ్వండి, లోపలి వస్తువుల ఐడీ, ఆర్డర్, ధర కూడా అందులో ఉండాలి. దీంతో రావలసినవి వచ్చాయని తేలుతుంది.

ఈ పోలిక ఒక్కటే చాలదు. రెండు ఆర్డర్లూ ఒకే చిరునామాను పంచుకున్నా విలువలు సమానమే కదా, టెస్టు పచ్చగా వెలుగుతుంది. అందుకే రెండోవైపు నుంచి కూడా చూడాలి:

```
అసర్ట్‌నాట్‌సేమ్(పాతది.గెట్‌చిరునామా(), కొత్తది.గెట్‌చిరునామా());
అసర్ట్‌సేమ్(పాతది.గెట్‌కస్టమర్(), కొత్తది.గెట్‌కస్టమర్());

కొత్తది.గెట్‌వస్తువులు().గెట్(0).సెట్‌పరిమాణం(99);
అసర్ట్‌ఈక్వల్స్(2, పాతది.గెట్‌వస్తువులు().గెట్(0).గెట్‌పరిమాణం());
```

మినహాయించిన ఫీల్డ్‌లు నిజంగానే రాలేదని కూడా చూడండి: కొత్తదాని ఐడీ నల్, కూపన్ కోడ్ నల్. స్ట్రింగ్‌లో పడిన అక్షరదోషం ఇక్కడే దొరుకుతుంది.

ఇంకొకటి మిగిలింది. వచ్చే ఏడాది ఎవరో క్లాస్‌కు "గిఫ్ట్ వోచర్ నంబర్" అనే ఫీల్డ్ చేరుస్తారు. చేత్తో రాసిన కన్‌స్ట్రక్టర్ అయితే అది నకలులోకి రాదు, కాపీప్రాపర్టీస్ అయితే అడక్కుండానే వచ్చేస్తుంది. వోచర్ విషయంలో రావడమే ప్రమాదం. రిఫ్లెక్షన్‌తో (రన్‌టైమ్‌లో క్లాస్ లోపలికి తొంగిచూసే జావా సౌకర్యంతో) క్లాస్‌లోని ఫీల్డ్‌ల పేర్లన్నీ తీసి, మీరు రాసుకున్న జాబితాతో పోల్చే చిన్న టెస్టు ఒకటి పెట్టండి. కొత్త ఫీల్డ్ వచ్చిన రోజున అది ఎర్రబడుతుంది, చేర్చినవాళ్లు ఆగి ఆలోచిస్తారు.

## 8. కామన్స్ ఉంటే వెర్షన్ చూడండి

మీరు నేరుగా వాడకపోయినా వేరే లైబ్రరీ వెంట కామన్స్ బీన్‌యుటిల్స్ ప్రాజెక్టులోకి వచ్చి ఉండొచ్చు. మావెన్‌లో డిపెండెన్సీ ట్రీ కమాండ్ కొడితే తెలుస్తుంది. జావాలో ప్రతి ఆబ్జెక్ట్‌కూ గెట్‌క్లాస్ ఉంది కాబట్టి, ఈ లైబ్రరీ కంటికి "క్లాస్" కూడా ఒక ప్రాపర్టీయే. బయటినుంచి వచ్చిన పేర్లను అలాగే ప్రాపర్టీ పేర్లుగా వాడే చోట, దాన్ని పట్టుకుని క్లాస్‌లోడర్ దాకా వెళ్లే దారి ఉండేది. స్ట్రట్స్ 1 అనే పాత వెబ్ ఫ్రేమ్‌వర్క్‌కు సంబంధించి 2014లో నమోదైన భద్రతా లోపం, సీవీఈ-2014-0114, అదే. 1.9.2లో అడ్డుకట్ట వేసే క్లాస్ ఇచ్చారు గానీ, దాన్ని మనమే పెట్టుకోవాల్సి వచ్చేది. 2019లో 1.9.4 నుంచి అది దానంతటదే పనిచేస్తోంది. 2025లో ఈనమ్‌ల ద్వారా అలాంటిదే మరో దారి బయటపడి, దాన్ని 1.11.0లో మూశారు. ట్రీలో అంతకంటే తక్కువ అంకె కనబడితే, మీ పోమ్ ఫైల్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ భాగంలో 1.11.0 గానీ ఆపైది గానీ రాసి మళ్లీ బిల్డ్ చేయండి.